మంచులో హైడ్రోజన్ల అమరిక, భగవంతం సౌష్ఠవ గణితం

నారాయణగూడ నుంచి హిమాయత్‌నగర్ మీదుగా బషీర్‌బాగ్ చేరితే నిజాం కాలేజీ. బాగ్ లింగంపల్లి నుంచి విద్యానగర్ దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. రెండింటి చరిత్రలోనూ సూరి భగవంతం పేరుంది. మొదటిచోట ఆయన విద్యార్థి, రెండోచోట 1952 నుంచి 1957 దాకా వైస్ ఛాన్సలర్. రక్షణ పరిశోధన ప్రస్తావన వచ్చినప్పుడు ఆయనను తలుచుకుంటాం. స్ఫటికాల సౌష్ఠవం మీద ఆయన చేసిన పనిని మాత్రం తలుచుకోం. ఆ పని విలువ తెలియడానికి మంచుగడ్డను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. మంచు నిర్మాణాన్ని భగవంతం కనిపెట్టలేదు, ఆ మాట ముందే చెప్పాలి. కానీ ఆ నిర్మాణం గురించి దశాబ్దాలపాటు సాగిన అన్వేషణ చివరికి ఏ ప్రశ్నల దగ్గరికి చేరిందో, వాటికి జవాబు రాబట్టే గణితాన్ని తెలుగునేల మీద కూర్చుని వివరంగా రాసినవాడు ఆయన.

మంచు స్ఫటికం బొమ్మ మొదట సగమే దొరికింది. 1922లో విలియం హెన్రీ బ్రాగ్ ఒక నిర్మాణాన్ని ప్రతిపాదించాడు. 1929లో బార్న్స్ ఎక్స్-కిరణాలతో సున్నా డిగ్రీల నుంచి మైనస్ 183 డిగ్రీల సెల్సియస్ దాకా మంచును పరీక్షించాడు. ప్రతి ఆక్సిజన్ చుట్టూ దాదాపు 2.76 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో మరో నాలుగు ఆక్సిజన్లు. అన్నీ కలిసి ఆరు మూలల గదుల్లా పేర్చుకుని ఉన్నాయి. అంత చలిలోనూ ఆ చట్రం మారలేదు. అయితే ఎక్స్-కిరణాలను చెదరగొట్టేది ఎలక్ట్రాన్లు. హైడ్రోజన్‌కు ఉన్నది ఒక్కటే ఎలక్ట్రాన్, అందువల్ల అది ఎక్కడుందో ఆ చిత్రాల్లో తేలలేదు.

1932లో బెర్నాల్, ఫౌలర్ మాస్కో విమానాశ్రయంలో పొగమంచు వల్ల చిక్కుపడిపోయి, ఆ ఖాళీ సమయంలో నీటి గురించి మాట్లాడుకున్నారు. ఆ మాటల్లోంచి పుట్టిన వ్యాసం 1933లో అచ్చయింది. మంచులోనూ నీటి అణువు అణువుగానే ఉంటుందని వాళ్లు చెప్పారు. ప్రతి ఆక్సిజన్‌కు దగ్గరగా రెండు హైడ్రోజన్లు ఉంటాయి. పక్క ఆక్సిజన్‌తో కలిపే ప్రతి బంధం మీదా ఒక్క హైడ్రోజనే ఉంటుంది, అదీ ఏదో ఒక కొసకు దగ్గరగా. ఈ రెండు నియమాలనూ పాటిస్తూ హైడ్రోజన్లు లెక్కలేనన్ని రకాలుగా సర్దుకోగలవు.

ఆ సంఖ్యను 1935లో లైనస్ పౌలింగ్ లెక్కగట్టిన తీరు ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. అణువు చుట్టూ నాలుగు దిక్కులున్నాయి, అందులో రెండింటిని రెండు హైడ్రోజన్లకు ఎంచుకోవడానికి ఆరు మార్గాలు. ఒక బంధం నియమానికి సరిపడేలా పడే అవకాశం సగం. అణువుకు రెండు బంధాల వంతున చూస్తే ఆ సగం రెండుసార్లు, అంటే నాలుగో వంతు. ఆరింట నాలుగో వంతు ఒకటిన్నర. అణువుకు ఒకటిన్నర అమరిక చొప్పున వస్తే, పరమశూన్యం దగ్గర కూడా మోల్‌కు, డిగ్రీకి 0.805 కేలరీల ఎంట్రపీ, అంటే గందరగోళపు కొలత, మిగిలిపోవాలి. మంచు మీద అప్పటికే కొలతలు మొదలుపెట్టిన విలియం జియోక్, స్టౌట్‌తో కలిసి 1936లో 15 కెల్విన్ దాకా ఉష్ణధారణను కొలిచి 0.82 రాబట్టాడు. కాగితం మీద నాలుగు వాక్యాల్లో తేలిన అంకె, ప్రయోగశాలలో ఓపికతో పట్టిన అంకె ఒక్కచోట కలిశాయి. 1949లో ఓక్‌రిడ్జ్‌లో వోలన్, డేవిడ్‌సన్, షల్ భారజలపు మంచు మీద న్యూట్రాన్లను ప్రయోగించి, పౌలింగ్ బొమ్మే నిజమని చూపారు.

కానీ ఉష్ణగతిశాస్త్రపు మూడో సూత్రం ప్రకారం పరమశూన్యం వద్ద చక్కగా కుదురుకున్న స్ఫటికంలో ఎంట్రపీ మిగలకూడదు. అంటే ఎక్కడో ఒకచోట మంచు కూడా క్రమంలోకి రావాలి. రాకపోవడానికి కారణం వేగమే. 100 కెల్విన్ దగ్గరికి చేరేసరికి అణువులు దిశ మార్చుకోవడం దాదాపు ఆగిపోతుంది, పాత గందరగోళం అలాగే గడ్డకడుతుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కిక్కిరిసిన బస్సులో ఒకరు దిగితే తప్ప మిగిలినవాళ్లు సర్దుకోలేరు, మంచులోనూ ఎవరో ఒకరు దిగాలి. ఆ పని పొటాషియం హైడ్రాక్సైడ్ చేసింది. నీటిలో అతి కొద్దిగా కలిపి గడ్డకట్టిస్తే, హైడ్రాక్సైడ్ అయాన్ చేరిన చోట ఒక హైడ్రోజన్ తక్కువ పడుతుంది. ఆ లోటు ఒక అణువు నుంచి మరో అణువుకు జరుగుతూ పోతుంటే దారిలోని హైడ్రోజన్లు చోటు మార్చుకుంటాయి. 1972లో కవాడా ఇలాంటి మంచులో 70 కెల్విన్ సమీపాన విద్యుత్ గుణం మారడం గమనించాడు. 1982లో ఒసాకాకు చెందిన తజిమా, మత్సువో, సుగా 72 కెల్విన్, అంటే దాదాపు మైనస్ 201 డిగ్రీల వద్ద స్పష్టమైన దశామార్పును ఉష్ణధారణలోనే పట్టారు. పౌలింగ్ ఎంట్రపీలో పెద్ద భాగం అక్కడ కరిగిపోయింది. ఈ కొత్త రూపానికి ఐస్ 11 అని పేరు. రోజుల తరబడి 65 కెల్విన్ లోపు ఉంచినా నమూనా మొత్తం మారదు, కొంత పాత మంచు మిగులుతూనే ఉంటుంది.

ఇక భగవంతం సంగతి. 1909లో కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర చేరారు. 1932లో వాల్తేరు వెళ్లి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేశారు. నీరు, ఆవిరి, మంచు రామన్ వర్ణపటాలను, అంటే చెదిరిన కాంతిలో కనిపించే అణు కంపనాల గీతలను, ఐ. రామకృష్ణారావు పోల్చి చూసి లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించిన కాలం అదే. 1939లో టి. వెంకటరాయుడుతో కలిసి భగవంతం ఒక పద్ధతి ప్రకటించారు: స్ఫటికంలో పదేపదే వచ్చే కనీస గది సౌష్ఠవం తెలిస్తే, ఎన్ని కంపనాలు సాధ్యమో, వాటిలో ఏవి రామన్ వర్ణపటంలో కనిపించాలో సమూహ సిద్ధాంతంతో ముందే చెప్పవచ్చు. వాళ్లిద్దరి పుస్తకాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చువేసింది.

ఐస్ 11 మీద ఆ లెక్క వేసి చూద్దాం. కనీస గదిలో నాలుగు అణువులు, పన్నెండు పరమాణువులు, మొత్తం 36 చలనాలు. గది మొత్తం ఒక్కటిగా జరిగే మూడింటిని తీసేస్తే 33. అందులో అణువులు ఒకదానికొకటి ఎదురుగా జరిగేవి 9, ఊగేవి 12, అణువు లోపలి సాగుళ్లు, వంపులు 12. మామూలు మంచులో హైడ్రోజన్లు క్రమం తప్పి ఉండటంతో ఏ రెండు గదులూ ఒకేలా ఉండవు. అందుకే నియమాలు సడలి, గీతలు వెడల్పై ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. 2011లో అబే, షిగెనరి ఐస్ 11 రామన్ వర్ణపటాన్ని 350 తరంగసంఖ్యల లోపు వివరించినప్పుడు ఆధారపడింది ఇలాంటి సౌష్ఠవ విశ్లేషణ మీదనే.

భగవంతం 1966లో ప్రచురించిన మరో పుస్తకం స్ఫటిక సౌష్ఠవానికీ భౌతిక గుణాలకూ ఉన్న సంబంధం గురించి. మామూలు మంచు సగటు అమరికకు సౌష్ఠవ కేంద్రం ఉంది. అలాంటి స్ఫటికం తనంతట తాను విద్యుత్ ధ్రువాలు ఏర్పరచుకోలేదు. న్యూట్రాన్ ప్రయోగాలు ఐస్ 11కు చూపిన ఆర్థోరాంబిక్ అమరికలో ఆ కేంద్రం లేదు, ఒక అక్షం వెంట ఉన్న బంధాల మీది హైడ్రోజన్లన్నీ ఒకే వైపు మొగ్గి ఉంటాయి. అందుకే దాన్ని ఫెర్రోఎలక్ట్రిక్ మంచు అంటున్నారు, సూర్యకుటుంబపు శివార్లలోని శీతల గోళాల మీద అది ఉండవచ్చని 2006లో ఫుకజావా బృందం వాదించింది. ఒక గుణం ఉండటానికి వీలుందా లేదా అన్నది ఒక్క సౌష్ఠవాన్ని బట్టి చెప్పగలగడం నా దృష్టిలో రామన్ శిష్యపరంపర మనకు ఇచ్చిన అతి గట్టి పనిముట్టు.

ఈ చుట్టుపక్కల వీధుల్లో భౌతికశాస్త్రం బోధించి రిటైరైన అధ్యాపకులు చాలామంది ఉన్నారు. మీ అలమరలో 1948 నాటి భగవంతం, వెంకటరాయుడుల పుస్తకం ఉంటే, దయచేసి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికో, బాగ్ లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికో ఇవ్వండి. వీలైతే ఒక సాయంత్రం కూర్చుని, ఆ 33 ఎలా వచ్చిందో పిల్లలకు నల్లబల్ల మీద చేసి చూపండి.