ప్రథమరంగం: సారథి అడిగిన ప్రశ్న

ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి జిల్లాలో భాగంగా వుండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిననాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి. బళ్ళారి మైసూరులో కలిసింది. పటం మీద గీత గీసినంత సులభంగా రంగస్థల చరిత్రను రెండుగా కోయలేం. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు ప్రేక్షకుడి అభిరుచి ఒకవైపు బళ్ళారి నాటక సభల నీడలోనూ, మరొకవైపు తెలుగు కన్నడాలు రెండూ వినిపించే పల్లెల బయలాటలోనూ రూపు దిద్దుకున్నది.

ఇక్కడ నేను ఎత్తుకున్న అంశం చిన్నది: కథ ఎలా మొదలవుతుంది? చిన్నదే అయినా కథ మీద అధికారం ఎవరిదన్న సంగతి అక్కడే తేలిపోతుంది. నేటి విద్యార్థులు కంప్యూటర్ల మీద ఆడే కథాప్రధానమైన వీడియో ఆటలను వట్టి కాలక్షేపమని తోసిపారేసే అధ్యాపక మిత్రులు ఈ ప్రశ్నను వాటికి కూడా వేసి చూడాలని నా కోరిక.

బయలాటలో వేషం ఆటస్థలంలోకి రాగానే సారథి అడ్డు తగులుతాడు. ఎవరు నీవు, నీ పేరేమి, ఏ పని మీద వచ్చావు? రాజయినా, రాక్షసుడయినా జవాబు చెప్పుకోవలసిందే. ఆ వచ్చినవాడెవరో చూసేవాళ్ళకు తెలియక కాదు. ఆ కిరీటాన్నీ, ఆ భుజకీర్తులనూ వాళ్ళు చిన్ననాటి నుండి ఎరుగుదురు. అయినా అడగాలి. పగలంతా భూస్వామి ముందు చేతులు కట్టుకొని జవాబులు చెప్పిన కూలీ, రాత్రి ఒక రాజు సంజాయిషీ చెప్పుకోవడం చూస్తాడు. దీన్ని విప్లవమనుకోవడం పొరపాటు. తెల్లవారితే కూలీ కూలీయే, భూస్వామి భూస్వామే. కాని ఆట స్వరం మాత్రం అక్కడే నిర్ణయమైపోయింది: అడిగే హక్కు చూసేవాళ్ళ పక్షాన వున్నది. తోలుబొమ్మలాటలోనూ అంతే. గణపతికీ, సరస్వతికీ మొక్కడం పూర్తయిన తరువాత జుట్టుపోలిగాడూ, బంగారక్కా వచ్చి మోటు హాస్యం మొదలుపెడతారు. దేవుళ్ళకూ రాజులకూ నడుమ సామాన్యుడి బూతుమాటకు చోటున్నది. శిష్టులు దాన్ని చూసి ముక్కు మూసుకున్నారు గాని, అది లేకపోతే తెల్లవార్లూ కూర్చునేదెవరు?

1880ల చివర బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) సరసవినోదినీ సభ ద్వారానూ, ఆ తరువాత కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) సుమనోరమ సభ ద్వారానూ నడిపిన రంగస్థలంలో ఈ సారథికి స్థానం లేదు. ఇద్దరూ వకీళ్ళే. రాసిన తెరలు, టిక్కెట్టు, ఒకేవైపు చూసే కుర్చీల వరుసలు వచ్చాయి. తెర లేచేసరికి రాజు కొలువుదీరి వుంటాడు. నీవెవరని అతణ్ణి నిలదీసే వాడు లేడు. చదువుకున్న మధ్యతరగతి తన ఇంగ్లీషు చదువుకు తగిన రంగస్థలాన్ని కట్టుకున్నది. ఇందులో పోయినది ఎంతో, వచ్చినదీ అంత. ధర్మవరం వారి విషాదసారంగధర తెలుగులో తొలి విషాదాంత నాటకాలలో ఒకటి. చివరకు మంగళం పాడతారన్న భరోసా తొలగిపోయినప్పుడు మొదటి రంగానికి కొత్త బరువు వస్తుంది; అక్కడ పలికిన ప్రతి మాటనూ ప్రేక్షకుడు అనుమానంతో వింటాడు. కథలో కారణకార్య సంబంధాన్ని వెతికే అలవాటు మన ప్రేక్షకుడికి కొంతవరకైనా ఈ దారినే వచ్చింది.

తోసివేసిన ప్రశ్న 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథలతో తిరిగి వచ్చింది. కథకుడికి ఒక పక్క హాస్యం, మరో పక్క రాజకీయం. ఆ వంతలిద్దరూ సారథికి వారసులే. అయితే వీళ్ళు అడిగేది రాజు పేరు కాదు, అతని గాదెలోని గింజలు ఎవరివని.

ఇప్పుడు వీడియో ఆటల సంగతి. 1997లో జపానులో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7 నక్షత్రాలతో మొదలై, వీధిలో పూలమ్ముకునే పిల్లను చూపి, ఒక్కసారిగా వెనక్కు జరిగి, భూమి ప్రాణశక్తిని పీల్చే కంపెనీ నగరాన్ని మొత్తంగా చూపిస్తుంది. మరుక్షణం రైలు, ఆ కంపెనీ రియాక్టరు మీద దాడి. రెండు నిమిషాలలో పూలపిల్లా, పెట్టుబడీ ఎదురెదురుగా నిలబడ్డాయి. 1999 నాటి ప్లేన్‌స్కేప్ టోర్మెంట్‌లో నాయకుడు శవాగారంలో బల్ల మీద కళ్ళు తెరుస్తాడు. తన పేరే అతనికి తెలియదు. మాట్లాడే కపాలమొకటి అతని వీపు మీది పచ్చబొట్టు చదివి వినిపిస్తుంది. సారథి మరో వేషంలో వచ్చాడు. అయితే ప్రశ్న ఇప్పుడు ఆడేవాడి వైపు తిరిగింది, జవాబు కూడా అతడే కట్టుకోవాలి.

ఈ మతిమరుపు నాయకుడు ఇలాంటి ఆటలలో తరచు కనిపిస్తాడు. ఆడేవాడికీ ఆ లోకం కొత్తే గనుక ఇది అనుకూలమైన ఉపాయం. కాని గతం లేని మనిషంటే కులం, వర్గం, బాకీ ఏవీ లేని మనిషి. అది పెట్టుబడిదారీ సమాజం ఒంటరి వ్యక్తికి చూపే కల. 2019లో ఎస్టోనియా రచయితలు తయారుచేసిన డిస్కో ఎలీసియం ఈ కలను ప్రథమరంగంలోనే పగలగొడుతుంది. తాగి స్మృతి పోగొట్టుకున్న పోలీసువాడు బట్టల్లేకుండా హోటలు గదిలో లేస్తాడు. పంకాకు తగులుకున్న టై అందుకోబోయి, ఒంట్లో సత్తువ తక్కువైతే గుండె ఆగి చావనూవచ్చు. ఆట అప్పుడే ముగిసిపోతుంది. బతికి కిందికి దిగితే హోటలు బాకీ ఎదురొస్తుంది. వెనుక పెరట్లో చెట్టుకు వేలాడే శవం, బయట రేవు కార్మికుల సమ్మె, అర్ధశతాబ్దం కింద అణచివేసిన విప్లవపు శిథిలాలు. అతడు మరచిపోయినా లోకం మరచిపోలేదు. (బహుమతి అందుకుంటూ ఆ రచయితలు మార్క్స్, ఎంగెల్స్‌లకు కృతజ్ఞతలు చెప్పారు, అది వేదిక మీది మాట, దాన్ని బట్టి ఆటకు విలువ కట్టనక్కరలేదు.)

మన ఆదోని, కోసిగి పల్లెల నుండి సుగ్గికి గుంటూరు వైపు మిరపకోతలకు పోయే కుటుంబం మీద రేపు ఎమ్మిగనూరు విద్యార్థి ఎవరైనా ఇలాంటి ఆట తయారుచేస్తే, దాని ప్రథమరంగంలో ఏముంటుంది? తలుపుకు తాళం, అరుగు మీద వదిలిపోయిన ముసలమ్మ, మూటల మీద కూర్చోబెట్టిన బడిపిల్ల. చేను గట్టున మేస్త్రీ చేతిలో పుస్తకం. అతడు పేరు అడుగుతాడు. ఆ పిల్ల పేరు చెప్పకముందే పుస్తకంలో తండ్రి తీసుకున్న అడ్వాన్సు రాసి వుంటుంది.