ఎవరి ఆకలికి ఎంత విలువ?

నిరాహారదీక్ష అనగానే మన పత్రికలకీ పాఠ్యపుస్తకాలకీ ఒక గౌరవభావం ముంచుకొస్తుంది. మనిషి తన ఒంటిని తానే కష్టపెట్టుకుంటున్నాడు, ఎదుటివాడి మీద చెయ్యెత్తడం లేదు, ఇంతకంటే నీతిగల పోరాటం ఏముంటుంది అంటారు. ఈ మాటను దళితవాడ వైపు నుంచి పరీక్షించాలని మా ప్రయత్నం. పూటకి లేని ఇంట్లో పస్తు ఎప్పుడూ వార్త కాలేదు. కూలి దొరకని రోజు మన తల్లులు పొయ్యి వెలిగించకపోతే ఏ ప్రధానమంత్రీ ప్రకటన చెయ్యలేదు. అలాంటప్పుడు ఒక మనిషి అన్నం మానేస్తే రాజ్యం కదిలిపోవడం, లక్షలమంది అన్నం లేక పడుకుంటే కదలకపోవడం - ఇది నీతికి సంబంధించిన విషయమా, బలానికి సంబంధించినదా?

1932తో మొదలుపెట్టక తప్పదు. ఆ ఏడాది ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ ప్రకటించిన కమ్యూనల్ అవార్డు అణగారిన కులాలకు ప్రత్యేక నియోజకవర్గాలిచ్చింది. దాంతోపాటు సాధారణ నియోజకవర్గాల్లో కూడా ఓటు ఉంది. అంటే రెండు ఓట్లు. తన ప్రతినిధిని తానే ఎన్నుకోవచ్చు, ఊళ్ళో పెద్దకులపాయన కూడా ఓటు కోసం వాడ గుమ్మం తొక్కాలి. గాంధీ ఎరవాడ జైలులో సెప్టెంబర్ 20న ఆమరణ దీక్ష మొదలుపెట్టారు. ముస్లింలకి, సిక్కులకి అప్పటికే ఉన్న ప్రత్యేక నియోజకవర్గాల మీద కాదు, అంటరానివాళ్ళకి కొత్తగా వచ్చిన దాని మీద.

దీక్ష ఎవరికి ఎదురుగా జరిగిందో చూడండి. కాగితం మీద బ్రిటిష్ ప్రభుత్వానికి. ప్రభుత్వం మాత్రం మీలో మీరు ఒప్పందానికి వస్తే మార్చడానికి మాకు అభ్యంతరం లేదని పక్కకి జరిగింది. భారమంతా అంబేడ్కర్ ఒక్కడి నెత్తిమీద పడింది. గాంధీ చనిపోతే దాని మూల్యం చెల్లించేది ఎవరు? లండన్‌లో మంత్రులు కాదు. ప్రతి ఊరికీ చివర, ఏ రక్షణా లేకుండా ఉన్న వాడలూ పల్లెలూ గూడేలూ చెల్లించాలి. దీక్షకి ముందే అంబేడ్కర్ ఒక ప్రకటనలో ఈ ప్రమాదాన్ని చెప్పాడు. మహాత్ముడు కోరుకున్నా కోరుకోకపోయినా ఆయన అనుచరులు అంటరానివాళ్ళ మీద పడతారన్నాడు. కనుక అక్కడ పణంగా ఉన్నది ఒక్క ప్రాణం కాదు. ఒక ప్రాణం ప్రకటించబడింది, లక్షల ప్రాణాలు ప్రకటన లేకుండానే పణంలో పెట్టబడ్డాయి.

సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 26న దీక్ష ముగిసింది. లెక్క చూస్తే రాష్ట్ర శాసనసభల్లో సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి, మద్రాసుకి 30 వచ్చాయి. ఇది లాభమే కదా అని ఇప్పటికీ వాదించే మిత్రులున్నారు. సీట్లు పెరిగాయి, సీటు మీద అధికారం పోయింది. దళితులు నలుగురిని ఎంపిక చేసి పెడితే, ఆ నలుగురిలో ఎవరు గెలవాలో ఉమ్మడి ఓటర్లు, అంటే సవర్ణ మెజారిటీ తేలుస్తుంది. దళితులు అందరికంటే తక్కువగా కోరుకున్న మనిషి కూడా పైవాళ్ళ ఓట్లతో గెలిచి రాగలడని అంబేడ్కర్ 1945లో రాసిన పుస్తకంలో ఎన్నికల ఫలితాలు ముందు పెట్టి మరీ చూపించాడు. రిజర్వుడు నియోజకవర్గాల్లో మనవాళ్ళు ఎవరి మాట వినాల్సి వస్తోందో తెలిసినవాళ్ళకి దీని మీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇక మన తెలుగు నేల మీదికి వద్దాం. పొట్టి శ్రీరాములు పేరు తెలియనివాళ్ళు లేరు. కానీ ఆయన చేసిన దీక్షల్లో ఒక్కటే మనకి నేర్పారు. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని ఈయన దీక్ష చేశాడు. కోమటి కులంలో పుట్టినవాడు, రైల్వే ఉద్యోగం వదిలి గాంధీ దగ్గరికి పోయినవాడు. నెల్లూరు వీధుల్లో అస్పృశ్యతా నివారణ నినాదాలు రాసిన అట్టలు మెడలో తగిలించుకుని చెప్పుల్లేకుండా ఎండలో తిరిగితే చూసినవాళ్ళు పిచ్చివాడనుకున్నారు. ఆయన నిజాయితీని మేము శంకించడం లేదు. గుడి తలుపులు తెరుచుకున్నాయి. తర్వాత ఆయన పట్టుబట్టినందువల్ల కలెక్టర్లు వారానికొకరోజు హరిజనోద్ధరణ పని చూడాలని మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు కూడా ఇచ్చింది. వారానికొకరోజు! ప్రాణాన్ని పణం పెడితే దళితుల వాటాకి దొరికింది అది. గుడి ప్రవేశం హక్కుగా మారింది 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చాక.

అదే మనిషి 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో ఆంధ్ర రాష్ట్రం కోసం దీక్షకి కూర్చున్నాడు. 58 రోజుల తర్వాత డిసెంబర్ 15 రాత్రి కన్నుమూశాడు. నాలుగు రోజుల్లో, 19వ తేదీన నెహ్రూ ప్రకటన. 1953 అక్టోబర్ 1న రాష్ట్రం. ఇంతవరకూ అందరూ చెప్పేదే. చెప్పకుండా వదిలేసేది ఏమిటంటే, 1951లో స్వామి సీతారాం ఇదే కోరికతో 35 రోజులు పస్తుంటే రాష్ట్రం రాలేదు. మరి 1952లో ఏం మారింది? ఆ ఏడాది మొదట్లో జరిగిన ఎన్నికల్లో ఆంధ్ర జిల్లాల్లో కాంగ్రెసు చావుదెబ్బ తింది, కమ్యూనిస్టులు బలపడ్డారు. 1913 బాపట్ల సభ నుంచి నడుస్తున్న కోరిక వెనక భూమి, చదువు, పత్రికలు, ప్లీడర్లు అందరూ ఉన్నారు. శ్రీరాములు చనిపోగానే రైళ్ళు ఆగిపోయాయి, ప్రభుత్వ ఆస్తులు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో జనం పోయారు. నెహ్రూని కదిలించింది ఆ మంట. ఆ మంటకి ఆజ్యం ఒక మనిషి దేహం.

మూలాపేట దీక్షలో శ్రీరాములు చనిపోయి ఉంటే ఏం జరిగేది? రైళ్ళు ఆగేవా? జవాబు మనకి తెలుసు. 2008లో నెల్లూరు జిల్లాకి ఆయన పేరు పెట్టారు, మంచిదే, అయితే ఆ పేరు పెట్టింది రాష్ట్రం కోసం చనిపోయిన శ్రీరాములుకి. గుడి ముందు కూర్చున్న శ్రీరాములుని చరిత్ర ఆ వీధిలోనే వదిలేసింది.

అందువల్ల మా అభిప్రాయం ఇది. ఆత్మత్యాగానికి దానంతట దానికి బలం లేదు. త్యాగం చేసే మనిషి వెనక ఎవరున్నారు, ఆ మనిషి పోతే ఎవరికి భయం అన్నదే దాని ధర నిర్ణయిస్తుంది. వెనక ఊరు ఉంటే ఒక్కడి పస్తు ఆయుధం. వెనక వాడ మాత్రమే ఉంటే అది పస్తే.

అలాగని దళితులు కష్టం ఓర్చుకోకుండా ఏదో సాధించారని కాదు. తిరువాన్కూరులో 1907-08 ప్రాంతంలో అయ్యంకాళి నాయకత్వాన పులయ కూలీలు మా పిల్లల్ని బడిలో చేర్చుకోకపోతే మీ పొలాల్లో గడ్డి మొలుస్తుందని పని మానేశారు. అక్కడా ఆకలే. కూలి లేదు, గింజ లేదు. చేపలు పట్టేవాళ్ళతో మాట్లాడి కొందరికి పడవల మీద పని చూపించారని చెప్తారు. కానీ ఆ ఆకలికీ ఎరవాడ ఆకలికీ తేడా ఉంది. ఇక్కడ కూలీ ఇంట్లో పొయ్యి ఆరిపోతే భూస్వామి పొలం కూడా బీడుపడింది. నష్టం రెండు వైపులా ఉంది. మహద్‌లో 1927 మార్చి 20న చవదార్ చెరువు నీళ్ళు తాగడానికి వేలమంది కలిసి నడిచారు, తలలు పగిలాయి, చచ్చిన గొడ్లని ఈడ్వమని మహర్లు ఎదురుతిరిగారు. పదేళ్ళు కోర్టులో నడిచి 1937లో గెలిచారు. మనిషిని చంపుకోవడం ఆ పోరాటంలో ఎక్కడా భాగం కాదు. అంబేడ్కర్ దీక్షలకి కూర్చోలేదంటే ధైర్యం లేక కాదు. 1949 నవంబర్ 25న రాజ్యాంగసభలో, రాజ్యాంగ మార్గాలున్నాక సత్యాగ్రహాలని కూడా వదలాలని చెప్పాడు. ఆ మాటని మేము పూర్తిగా ఒప్పుకోం, కోర్టు గుమ్మం దగ్గరే ఆగిపోయిన కేసులు ఎన్నో చూశాం కనుక. అయినా ఆ మాట వెనక 1932 అనుభవం ఉందని మాకు అనిపిస్తుంది.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలని చంపారు. బతికినవాళ్ళు చీరాల పోయి శిబిరం వేసుకున్నారు. మళ్ళీ ఊళ్ళోకి రాం అన్నారు. ఇదీ త్యాగమే. ఇల్లు, ఊరు, పని అన్నీ వదులుకున్నారు. అయితే ఆ శిబిరం నుంచి దళిత మహాసభ పుట్టింది. బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేసి వచ్చాడు. అదీ స్వంత త్యాగమే, కానీ ఆయన ప్రాణంతో, వకాల్తాతో వచ్చాడు, ఇంకా మూడు దశాబ్దాలు పనిచేశాడు. 2008లో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళు వేసింది. ఇరవై మూడేళ్ళు పట్టింది. అంతకాలం నిలబడాలంటే బతికున్న సాక్షులు కావాలి. చుండూరు మారణకాండ 1991 ఆగస్టు 6న జరిగితే, అక్కడివాళ్ళు మా ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టండని పట్టుబట్టి సాధించారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఈ కథ సుఖాంతం కాదు. అయినా ఊరి నడుమ కోర్టు పెట్టించడం, పెత్తందార్లని ఆ కోర్టులో నిలబెట్టడం ఏ దీక్షా తేని విషయం.

ఈ మాటలన్నీ ఇప్పుడెందుకంటే, విశ్వవిద్యాలయాల్లో మన పిల్లల మధ్య ఒక ఆలోచన తిరుగుతోంది - మనలో ఒకరు పోతే గానీ వీళ్ళు వినరని. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాక దేశమంతా కదిలిన మాట నిజం. ఆ కదలికని చావు సాధించిన ఫలితంగా లెక్కగట్టే పద్ధతిని మేము ఒప్పుకోం. ఆ నెలలోనే, అంతకుముందు, హాస్టళ్ళ నుంచి గెంటేసిన అయిదుగురు దళిత విద్యార్థులు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆరుబయట గుడారం వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టారు. బాబాసాహెబ్ బొమ్మ పెట్టుకుని చలిలో పడుకున్నారు. అప్పుడు అయిదుగురూ బతికే ఉన్నారు. వాళ్ళు అడిగింది తమ గదులు తమకిమ్మని, శిక్ష ఎత్తెయ్యమని. ఆ రోజుల్లో ఆ గుడారం దగ్గరికి మనలో ఎంతమందిమి వెళ్ళి కూర్చున్నాం?