చదవకే ఉద్యోగం రాలేదా? మార్లవాయి నుంచి జీవో 3 దాకా



డీఎడ్, బీఎడ్ చేసి ఖాళీగా ఉన్న అన్నలు, అక్కలు మన ప్రతి గూడెంలో ఉన్నారు. "సరిగ్గా చదివుంటే వచ్చేది కదా" అని బయటోళ్లే కాదు, మన ఇంట్లో వాళ్లూ అంటున్నారు. వినీ వినీ మనమూ అదే నమ్మేస్తున్నాం. అందులో నిజమెంతో మన చరిత్రనే అడుగుదాం.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక, గోండుల పరిస్థితి తెలుసుకోడానికి నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండగానే అక్కడ గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది. గోండీలోనే వాచకాలు తయారయ్యాయి. అప్పటిదాకా బడి మొహం చూడని గూడేల నుంచి పంతుళ్లు వచ్చారు. మరి మన తాతలకు తెలివి రాత్రికి రాత్రే పుట్టుకొచ్చిందా? తెలివి ముందే ఉంది. నేర్చుకునే చోటు, చేరడానికి కొలువు అప్పుడు దొరికాయి.

తర్వాత 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 275 ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు గిరిజనులకే అన్నది. కోర్టు కేసుల్లో అది నిలబడలేదు. 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. బయటి టీచర్లు బడికి సరిగ్గా రావట్లేదన్నది కూడా దానికో కారణం. ఆ జీవోతో ఎంతోమంది మనోళ్లు మన బడుల్లోనే టీచర్లయ్యారు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమని జీవో 3ను కొట్టేసింది. అప్పటికే చేరినోళ్ల ఉద్యోగాలు షరతులతో ఉన్నాయి. వెనకొచ్చే వాళ్లకు మాత్రం ఆ దారి మూసుకుపోయింది.

ఇప్పుడు చెప్పండి. తీర్పుకు ముందు చదివిన అక్క, తర్వాత చదివిన చెల్లి ఇద్దరిదీ అదే ఆశ్రమ పాఠశాల, అదే హాస్టల్ అన్నం, అదే కష్టం. అక్క టీచరైంది, చెల్లి కూలికి పోతోంది. చెల్లి కష్టపడలేదని ఎట్లా అంటాం?

కష్టం అక్కర్లేదని మేం అనట్లేదు. జీవో 3 ఉన్నప్పుడూ అర్హత లేనోళ్లకు పోస్టు ఇవ్వలేదు. కానీ నోటిఫికేషన్ ఎప్పుడు వేయాలి, ఎన్ని పోస్టులు, ఎవరికి అన్నది మన చదువు తేల్చదు, ప్రభుత్వం తేలుస్తుంది. చదవడం మన పని. చదివినోళ్లకు దారి చూపడం వాళ్ల పని. మన పని మనం చేశాక వాళ్ల పని గురించి అడగడం తప్పు కాదు, హక్కు.

అందుకే ప్రిపరేషన్ ఆపొద్దు. ఖాళీగా ఉన్న అన్నను చేతకానోడని అనొద్దు. ఈ జీవోల సంగతి ఇంట్లో పెద్దోళ్లకు చెప్పండి. స్థానిక గిరిజనులకే టీచర్ ఉద్యోగాలు దక్కేలా చట్టబద్ధమైన దారి చూపాలని గ్రామసభలో తీర్మానం పెట్టండి.

జై ఆదివాసీ!