2035: ఒక అంకె చరిత్ర

శాస్త్రం పేరు చెప్పి ప్రజల కోసం వ్రాసేవాడికి చరిత్రకారుడికున్నంత బాధ్యత వుంది. ఈ మాట కాదనేవారు లేరు. అయితే తన పక్షానికి బలం చేకూర్చే వార్త చేతికందినప్పుడు ఆ బాధ్యతను ఎంతమంది గుర్తుంచుకుంటారన్నదే అసలు ప్రశ్న. హిమాలయాల్లోని హిమానీనదాలు 2035 నాటికి మాయమైపోతాయన్న మాట వొకటి చాలాకాలం లోకంలో తిరిగింది. అది ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతులు మారింది, ఎక్కడిదాకా పోయింది అన్నది పరిశీలిస్తే ఆ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది.

ఈ అంకెకు పెద్దరికం వచ్చింది 2007లో. వాతావరణ మార్పును గురించి ప్రపంచ శాస్త్రజ్ఞుల పరిశోధనలను మదింపు వేయడానికి 1988లో ఏర్పడిన ఐ.పి.సి.సి. తన నాల్గవ నివేదికను ఆ యేడు వెలువరించింది. రెండవ సంపుటంలో ఆసియాను గురించిన అధ్యాయం ఈ హిమానీనదాలు 2035 నాటికి, బహుశా అంతకు ముందే, అంతరించే అవకాశం చాలా ఎక్కువగా వుందన్నది. వాటి వైశాల్యం 5 లక్షల చదరపు కిలోమీటర్ల నుంచి లక్షకు తగ్గిపోతుందని కూడా చెప్పింది. పూర్తిగా అంతరించేవి లక్ష చదరపు కిలోమీటర్లు ఎలా మిగులుతాయి? అంతేకాదు, అదే భాగంలో కాస్త పైన హిమాలయ హిమానీనదాల వైశాల్యం 30 లక్షల హెక్టార్లు అని వుంది. అంటే 30 వేల చదరపు కిలోమీటర్లు! ఒకే చోట వున్న రెండు లెక్కలకు పొంతన లేదు. ఇది పట్టుకోవడానికి హిమశాస్త్రం అక్కర్లేదు, ఎలిమెంటరీ స్కూలు గణితం చాలు.

ఆ వాక్యానికి ఆధారంగా చూపింది 2005లో డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. అనే ప్రకృతి పరిరక్షణ సంస్థ వేసిన నివేదిక. ఆ సంస్థ ఆధారపడింది 1999 జూన్‌లో ‘న్యూ సైంటిస్ట్’ పత్రికలో వచ్చిన వార్త మీద. దానికి ఆధారం ఒక భారతీయ శాస్త్రజ్ఞుడితో విలేఖరి జరిపిన సంభాషణ, అప్పటికింకా అచ్చుకాని ఒక అధ్యయనం. తర్వాత తీసి చూస్తే ఆ అధ్యయనంలో తేదీ లేదు, హిమాలయాలు మొత్తంగా కరిగే వేగమూ లేదు. ఢిల్లీ నుంచి వెలువడే ‘డౌన్ టు ఎర్త్’ పత్రికలో 1999 ఏప్రిల్‌లోనే ఈ యేడు కనబడుతుంది. ఐ.పి.సి.సి. వాక్యం దాదాపు దానికి మక్కికి మక్కి.

మరి 5 లక్షలు, లక్ష అన్న లెక్కలెక్కడివి? 1996లో యునెస్కో ప్రచురించిన ఒక నివేదికలో రష్యన్ శాస్త్రజ్ఞుడు కొత్ల్యకోవ్ ఇవే అంకెలు ఇచ్చాడు. కాని ఆయన మాట్లాడింది హిమాలయాలను గురించి కాదు, ధ్రువ ప్రాంతాలకు వెలుపల భూమ్మీద వున్న హిమానీనదాలన్నిటిని గురించి. ఆయన ఇచ్చిన సంవత్సరం 2350. అంకెలు తారుమారై 2350 కాస్తా 2035 అయి కూర్చున్నదని, మూలాన్ని వెతికిన శాస్త్రజ్ఞులు అనుమానించారు.

తెలుగు పాఠం చెప్పుకునే నాబోటి వాళ్ళకు ఇది కొత్త వ్యవహారమేమీ కాదు. తాళపత్ర ప్రతుల్లో లేఖక ప్రమాదాలను చూస్తూనే వుంటాం. బ్రౌను దొర వేమన పద్యాలకు దొరికినన్ని ప్రతులు సేకరించి, పండితుల చేత ఒకదానితో ఒకటి సరిచూపించి 1829లో అచ్చువేయించాడు. ఒక ప్రతిలో తప్పు వుంటే మరో ప్రతి దాన్ని పట్టిస్తుంది. కాని అన్ని ప్రతులూ ఒకే చెడ్డ మాతృక నుంచి దిగినవైతే, పది ప్రతులున్నా ఒక్క సాక్ష్యమే. 2035కు జరిగింది సరిగ్గా ఇదే. పత్రిక, పరిరక్షణ సంస్థ, అంతర్జాతీయ నివేదిక అని మూడు సాక్ష్యాలున్నట్టు కనబడింది, నిజానికి ఒక్కటీ సరైనది లేదు.

ఎవరూ అడగలేదా అంటే, అడిగారు. చిత్తుప్రతిని చూసిన జపాన్ ప్రభుత్వం ఈ మాట ఎంత నిశ్చయమో చెప్పమని వ్రాసింది. వాక్యం మారలేదు. హిమానీనదాల నిపుణులు అదే నివేదిక మొదటి సంపుటంలో తమ అధ్యాయం వ్రాసుకున్నారు. అందులో ఈ తేదీ లేదు. పక్క గదిలో వున్న వాళ్ళను పిలిచి అడగడానికి తీరిక లేకపోయింది కాబోలు!

2009 నవంబరులో భూగర్భ సర్వేక్షణ సంస్థ మాజీ అధికారి వి.కె. రైనా వ్రాసిన చర్చాపత్రాన్ని కేంద్ర మంత్రి జైరాం రమేశ్ విడుదల చేశారు. హిమానీనదాల క్షయాన్ని భూతాపంతో ముడిపెట్టడానికి తగిన ఆధారం లేదన్నది దాని ధోరణి. అదీ కొంత అతి చేసిన వాదనే. కాని దానికి సమాధానం ఆధారాలతో చెప్పాలి. ఐ.పి.సి.సి. అధ్యక్షుడు రాజేంద్ర పచౌరీ దాన్ని మంత్రగాళ్ల శాస్త్రమని ఎగతాళి చేశారు. కొద్ది నెలల్లోనే, 2010 జనవరి 20న, 938 పుటల ఆ సంపుటంలోని ఈ పేరా విషయంలో తన నియమాలు సరిగా పాటించలేదని ఐ.పి.సి.సి. విచారం ప్రకటించింది. కెనడాకు చెందిన గ్రాహం కాగ్లీ, మరి ముగ్గురు శాస్త్రజ్ఞులు అంకె వంశవృక్షాన్ని ‘సైన్స్’ పత్రికలో బయటపెట్టారు. ఆ జోస్యం నిజం కావాలంటే మంచు అంతకుముందు నలభై యేళ్ళ వేగానికి 25 రెట్లు కరగాలన్నారు. 1999లో ‘న్యూ సైంటిస్ట్’లో వార్త వ్రాసిన ఫ్రెడ్ పియర్స్ కూడా అదే పత్రికలో అంకె పుట్టుకను ప్రశ్నిస్తూ వ్రాశాడు. పత్రికా రచయితకు వుండవలసిన గుణం అది.

మనలో కొందరనే మాట వొకటుంది: మంచు కరగడం నిజం, ప్రజలను కదిలించడానికి తేదీ కాస్త ముందుకు జరిగితే నష్టమేమిటి? నష్టం ఎవరికో చూడండి. బొగ్గు, చమురు కంపెనీల కొమ్ముకాసే వ్రాతగాళ్ళు ఆ వొక్క పేరాను జెండాగా ఎగరేసి మిగతా పుటలన్నీ అబద్ధమన్నారు. బొగ్గూ చమురూ మండిస్తే భూమి వేడెక్కుతుందని 1977లోనే తన సొంత శాస్త్రజ్ఞుడి నోట విని, తర్వాత ప్రజల్లో అనుమానాలు రేపిన ఎక్సాన్ వంటి కంపెనీకి ఇంతకంటె చవకైన ఆయుధం ఎక్కడ దొరుకుతుంది? తెలిసి దాచడమూ, తెలుసుకోకుండా వ్రాయడమూ ఒకటి కావు. నేను ఆ రెంటినీ ఒకే త్రాసులో తూచను. అయినా రెండవది మొదటిదానికి అన్నం పెట్టింది.

తమాషా ఏమిటంటే, అసలు లెక్కలు చాలినంత భయంకరంగానే వున్నాయి. ఖట్మండులోని ఇసిమోడ్ సంస్థ 2019లో ప్రకటించిన అంచనా ప్రకారం, భూతాపాన్ని 1.5 డిగ్రీల దగ్గర ఆపగలిగినా హిందూకుష్ హిమాలయ హిమానీనదాల్లో మూడవ వంతు ఈ శతాబ్దాంతానికి పోతుంది. 2011–2020 మధ్య కరుగుదల అంతకుముందు దశాబ్దం కంటె 65 శాతం వేగంగా సాగిందని అదే సంస్థ 2023లో తేల్చింది. ఐ.పి.సి.సి. తన నివేదికల్లో తప్పులున్నాయని ఎవరైనా చూపితే విచారించి దిద్దే పద్ధతిని 2011 మే నెలలో అబూధబీ సమావేశంలో నియమంగా వ్రాసుకుంది, అంకె అచ్చయిన నాలుగేళ్ళకు.