ఉదయగిరి కోట, సోమశిల నీళ్లు: మెట్ట ప్రాంతపు విహారం పుట్టుపూర్వోత్తరాలు

నెల్లూరు అనగానే వరి మళ్లు, రొయ్యల చెరువులు, సముద్రం గుర్తొస్తాయి. జిల్లాకు పడమటి కొసన, వెలిగొండల కింద, ఇంకో నెల్లూరు ఉంది. జిల్లావాళ్లు దాన్ని మెట్ట ప్రాంతం అంటారు. వాన కోసం ఎదురుచూసే చేలు, రాళ్ల గుట్టలు, దూరంగా నీలం కొండలు కనిపించే ఆ నేల మీద ఉదయగిరి, ఆత్మకూరు పేరున్న ఊళ్లు. సెలవు రోజు వస్తే నెల్లూరు నుంచి కుటుంబాలు అటు బయల్దేరతాయి. కొందరు ఉదయగిరి దుర్గం ఎక్కడానికి, ఇంకొందరు సోమశిలలో పెన్న నీళ్లు చూడడానికి. అయితే ఆ కోట యుద్ధం కోసం కట్టింది, ఆ డ్యాం సేద్యం కోసం కట్టింది. వీటిని విహార స్థలాలుగా మార్చింది జనమే.

మొక్కుతో మొదలు

మన పల్లెల్లో విహారం మొక్కుతోనే పుట్టింది. బండి కట్టుకుని తిరునాళ్లకు పోవడం, కార్తీక మాసంలో ఏట్లో మునిగి ఉసిరి చెట్టు కింద వనభోజనం చేయడం, ఇవే మనకు తొలి విహారయాత్రలు. పెన్న ఒడ్డున సోమశిలలో సోమేశ్వరుడు, ఇంకా దిగువన బీరాపేరు వచ్చి పెన్నలో కలిసేచోట సంగంలో సంగమేశ్వరుడు వెలిశారు. ఆత్మకూరుకు దగ్గర్లోని అనుమసముద్రంపేటలో ఖాజా నాయబ్ రసూల్ దర్గా ఉంది. దాన్ని అందరూ ఏఎస్ పేట దర్గా అనే అంటారు. గంధం ఉత్సవానికి కర్ణాటక, తమిళనాడుల నుంచి కూడా జనం వస్తారు. వచ్చేవాళ్లలో హిందువులు, ముస్లింలు ఇద్దరూ ఉంటారు.

దుర్గం కథ

ఉదయగిరి కొండ సముద్రమట్టానికి 3,000 అడుగులకు పైబడిన ఎత్తు. కొండ మీద ఎనిమిది, దిగువన ఐదు, మొత్తం పదమూడు కోటలు ఉండేవని పాత గెజిటీర్లు రాశాయి. కొండకు ఒక పక్కన వెయ్యి అడుగుల దాకా నిటారుగా నిలిచిన బండ, అటు ఎవరూ ఎక్కలేరు. ఎక్కగలిగిన పక్కన ప్రతి దారినీ కాచుకుంటూ గోడలు, బురుజులు కట్టారు.

విజయనగరం తొలినాళ్లలోనే ఇది ఆ సామ్రాజ్యంలోని ఒక రాజ్యానికి, అంటే ఒక పాలనా విభాగానికి, కేంద్రం. మొదటి హరిహరరాయల తమ్ముడు కంపన ఇక్కణ్నుంచే ఏలాడు. తర్వాత కోట ఒడిశాను ఏలిన గజపతుల చేతికి పోయింది. దాన్ని విజయనగరానికి తిరిగి గెలవబోయిన సాళువ నరసింహుడు ఓడి పట్టుబడ్డాడు. ఆ కొరత తీర్చుకోవాలని శ్రీకృష్ణదేవరాయలు 1513లో వచ్చి ముట్టడి వేశాడు. లోపల పదివేల మంది కాపలా ఉన్నారనీ, బురుజుల దాకా చేరడానికి రాయలు బండలు కొట్టించి దారి వేయించాడనీ పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. ఏడాదిన్నర పట్టు తర్వాత 1514 వేసవిలో కోట లొంగింది.

రాయలు ఇక్కడి గుడిలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి, దానికోసం పెద్ద ఆలయం కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. హంపిలో కృష్ణాలయం చూసి మురిసిపోయే తెలుగువాళ్లలో ఎంతమంది దాని మూలం ఉదయగిరిలో ఉందని తలుచుకుంటారు?

తర్వాతి రోజుల్లో కోట గోల్కొండ సుల్తానులకు, ఆర్కాటు నవాబుల జాగీర్దార్లకు దక్కింది. కొండ మీది మసీదును, దాని పక్కన తోటను షేక్ హుస్సేన్ ఏర్పరిచినట్టు పారసీ శాసనాలు చెబుతున్నాయి. ఆయన గోల్కొండ అబ్దుల్లా కుతుబ్‌షా కాలంవాడు. చివరి జాగీర్దారు తమ మీద కుట్ర పన్నాడని ఈస్టిండియా కంపెనీవాళ్లు 1839-40 ప్రాంతంలో అతణ్ని చెంగల్పట్టుకు తరలించారు. అప్పటితో కోటలో కాపలా పోయింది. గుడి మండపం, మసీదు, కోనేరు, కూలిన మేడలు మిగిలాయి. ఇవాళ పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టిన కుర్రాళ్లు ఎండ ముదిరేసరికి పైకి చేరి, ఆ బురుజుల నీడలోనే కూర్చుంటున్నారు.

ఉదయగిరి చెంచా

కొండ దిగినవాళ్లు ఊళ్లో తప్పక చూడాల్సింది కొయ్య చెంచాల పని. పక్క అడవిలో దొరికే నర్ది, దేవదారి, బిక్కి వంటి కర్రతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేస్తారు. ముక్కను చెంచా ఆకారానికి చెక్కి, గుంట తీసి, ఆకురాయితో రుద్ది నునుపు చేస్తారు. కాడ మీద జాలీ పని, తీగలు, పూలు తొలుస్తారు. వేలంత వెడల్పు కర్రలో అన్ని చిన్న రంధ్రాలు విరగకుండా తొలవడమే ఇందులోని పనితనం. ఆ నమూనాల్లో పారసీ పోకడ కనిపిస్తుంది, అది నవాబుల కాలపు వారసత్వం. ఈ చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ముస్లిం కుటుంబాలే, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్లే, ఈ పనిని నిలబెడుతున్నారు.

సోమశిల

నంది కొండల్లో పుట్టిన పెన్న రాయలసీమ దాటి, వెలిగొండలను చీల్చుకుని నెల్లూరు జిల్లాలో అడుగుపెట్టే చోటు సోమశిల. రెండు కొండల నడుమ ఏరు ఇరుకవుతుంది కాబట్టే ఆనకట్టకు అక్కడ చోటు చూశారు. 1970ల్లో పని మొదలైంది. జలాశయంలో దాదాపు 78 టీఎంసీల నీళ్లు పడతాయి. నెల్లూరు వరి పొలాలకూ, కండలేరు మీదుగా తెలుగుగంగ ద్వారా చెన్నై కుళాయిలకూ ఆ నీళ్లే ఆధారం. ఈ నీటికింద కడప జిల్లాలో ఊళ్లకు ఊళ్లు మునిగాయి. మనం ఫొటోలు తీసుకునే ఆ నీలం పరుపు అడుగున ఒకప్పటి ఇళ్లు, చేలు ఉన్నాయి.

గేట్లెత్తిన రోజు సోమశిలకు జనం బారులు తీరతారు. 2021 నవంబరు వరద మాత్రం చూసే వేడుకగా మిగల్లేదు. దిగువ ఒడ్డున సోమేశ్వరాలయం దెబ్బతింది, పల్లెలు మునిగాయి. దిగువన సంగంలో, బ్రిటిష్ కాలపు పాత ఆనకట్ట ఉన్న చోట, కొత్త బ్యారేజీని 2022 సెప్టెంబరు 6న ప్రారంభించారు. ఆత్మకూరు ఎమ్మెల్యేగా, మంత్రిగా ఉంటూ ఆ ఏడాదే కన్నుమూసిన మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరు దానికి పెట్టారు. ఇప్పుడు సాయంత్రాలు దాని మీద కూడా సందడే.

మెట్ట ప్రాంతంలో విహారం అంటే గుర్రపు స్వారీలు, రంగుల పార్కులు కావు. అక్కడ చూసే ప్రతిదాని వెనకా ఎవరిదో యుద్ధం, ఎవరిదో మొక్కు, ఎవరిదో మునిగిన ఊరు ఉంది. అది తెలుసుకుని వెళ్తే కోట గోడ మీద పేరు చెక్కబుద్ధి కాదు, డ్యాం కట్ట మీద ప్లాస్టిక్ సీసా పారేయబుద్ధి కాదు. దుర్గానికి సరైన దారి, తాగునీరు, చరిత్ర చెప్పే ఫలకాలు ఏర్పాటు చేయడం ప్రభుత్వం చేయాల్సిన పని. మనం చేయగలిగిందీ ఉంది. ఈసారి హంపి, గండికోట అనుకునే ముందు ఒక్కసారి ఉదయగిరి ఎక్కండి. నీళ్లు వెంట తీసుకెళ్లండి, పిల్లలకు రాయల ముట్టడి కథ చెప్పండి. దిగి వచ్చేటప్పుడు బేరమాడకుండా ఒక కొయ్య చెంచా కొనండి.