యానాం సరుకు: నీలపల్లి పొలిమేరలో ఆడవాళ్ల వర్తకం

ఫ్రెంచి యానాంలో దొంగరవాణా గురించి రాసినవాళ్లకు బంగారం, సారా తప్ప మరొకటి కనిపించలేదు. విలీనోద్యమ చరిత్ర రాసిన ఒక పెద్దాయన, ఆ వ్యవహారమంతా నలుగురు షావుకార్లదేనని, జనానికి దానితో సంబంధం లేదని తేల్చేశారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఆయన చూసినవి పోలీసు కాగితాలు. పట్టుబడ్డ సరుకే కాగితాలకెక్కుతుంది. పట్టుబడనిది ఏమైనట్టు?

యానాం పొలిమేర దాటగానే నీలపల్లి. అక్కడ ఒక మామ్మగారు తన చిన్ననాటి మంగళవారం సంత గురించి చెప్పారు. వాళ్లమ్మ వెళ్లేటప్పుడు ఒంటిమీద ఒక్క చీర, వచ్చేటప్పుడు రెండు. కొన్నది లోపల చుట్టుకుని, పాతది పైన కట్టేది. పిల్లకు పరికిణీ మీద పరికిణీ. మామ్మగారు లేచి, తువ్వాలు నడుముకు బిగించి చుట్టి, వసారాలో నాలుగడుగులు వేసి చూపించారు. “ఎన్ని కట్టినా నడక మారకూడదు బాబూ, అదే కిటుకు.” అది దొంగసరుకే కదా అన్నాను. “దొంగతనమేంటి? డబ్బిచ్చి కొనుక్కుంది కదా!” అన్నారు. నేను మాట్లాడిన మిగతా ఇళ్లలోనూ దాన్ని ‘యానాం సరుకు’ అనే అన్నారు. దొంగసరుకు అన్న మాట నాదే, వాళ్లది కాదు.

ఇంటి సరుకుకు సర్కార్లు భయపడటం కొత్తేమీ కాదు. 1815 ఒప్పందంలో ఫ్రెంచివారు తమ స్థావరాల్లోని మిగులు ఉప్పును ఇంగ్లీషువారికే అమ్మడానికి ఒప్పుకున్నారు. బదులుగా ఏటా 4 లక్షల సిక్కా రూపాయలు. ఎల్ల దాటే ఉప్పు తమ గుత్తాధిపత్యానికి గండి కొడుతుందన్న భయం లేకపోతే కంపెనీ అంత సొమ్ము ఎందుకు పోస్తుంది? బంగారానికి కాదు, కూటిలో వేసుకునే ఉప్పుకు!

1941లో కుదిరిన కస్టమ్స్ ఒప్పందం 1949లో రద్దయింది. 30 చదరపు కిలోమీటర్ల యానాం చుట్టూ మళ్లీ సుంకపు కాపలా పడింది. పుట్టింటికీ అత్తింటికీ మధ్య సోదాలు మొదలయ్యాయి. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం విముక్తమైంది. నాయకత్వం, సాయుధ పోరాటం లేకుండా అది జరిగేది కాదన్నది నిజమే. కానీ ఆ పోరాటానికి ఊళ్లను సిద్ధం చేసింది చీరమడత విప్పించిన అవమానమే. యానాంలో ఫ్రెంచి పాలనను కూల్చింది సంత. పెద్దాయన పుస్తకంలో సంత అన్న మాటే లేదు.

నేను కలిసినవాళ్లంతా ఎనభై అయిదు దాటినవాళ్లే. ఎదుర్లంక, ఇంజరం వైపు ఇంకా ఎవరూ వెళ్లినట్టు లేదు. పరిశోధక విద్యార్థులు వెంటనే వెళ్లి, ముందు ఆడవాళ్లతో మాట్లాడాలి.