ఒక్క ఓటు - మద్యనిషేధం

"ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం కల్లు గొడవలో పడిపోయిందట, నిజమేనా?" అని మన మనుమలు అడుగుతుంటారు. నిజమే. మన వినోదరాయునిపాలెంలో పుట్టిన ఆయన ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉండగా, మద్యనిషేధం ఎత్తివేయమని రామమూర్తి కమిటీ చెప్పింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. గీత కార్మికుల బ్రతుకుతెరువు పోయిందంటూ ప్రతిపక్షం పెట్టిన అవిశ్వాస తీర్మానం 1954 నవంబరు 6న ఒక్క ఓటుతో నెగ్గింది. 1969లో నిషేధమూ పోయింది.

పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంట ఆడపడుచులు 1992లో లేవదీసిన ఉద్యమంతో 1993లో సారా, 1995 జనవరిలో మద్యం నిషేధించారు. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు.

గుమాస్తాగా పద్దులు రాసిన నాకు తోచేదొకటే: ఖజానాలో జమపద్దు, మిరపకోత కూలి ఇంట్లో ఖర్చుపద్దు. రెండూ కలిపి చూస్తేనే అసలు లెక్క తేలుతుంది.